హాజరు పడిన రోజు

తిరస్కరణ ఉత్తరంలో నాలుగు వాక్యాలే ఉన్నాయి. మొదటిది మా అమ్మ బీమా నంబరు. రెండోది ఆమె ఆసుపత్రిలో చేరిన తేదీ. నాలుగోది, ముప్పై రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చన్న సమాచారం. అసలు సంగతి మూడో వాక్యంలో ఉంది. ఇంగ్లీషులో ఉన్న దాన్ని తెలుగులో చెబితే ఇలా వస్తుంది: ఆ తేదీన బీమాదారు ఉదయం నుంచి సాయంత్రం దాకా పనిలో హాజరైనట్లు యాజమాన్యం రికార్డు చూపుతున్నందువల్ల, అదే రోజు అత్యవసర చికిత్స జరిగిందన్న మాటను అంగీకరించలేము.

ఆ తేదీన మా అమ్మ ఎక్కడుందో నాకు నిమిషాలతో సహా తెలుసు. ఆరూ పదికి వంటింట్లో కడుపు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. ఆరున్నరకు ఆటో ఎక్కించాను. ఏడు కాకముందే, మేముండే యలహంకలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీ మంచం మీద ఉంది. బీమా ఆసుపత్రి మాకు ఊరి అవతలి కొస. ఆ వేళప్పుడు గంటన్నర ప్రయాణం. "అంతసేపు ఆగే స్థితి కాదు" అన్నారు డాక్టరు. పిత్తాశయంలోంచి ఒక రాయి జారి గొట్టానికి అడ్డుపడి, క్లోమం వాచిందట. ఆరు రోజులు అక్కడే ఉంచారు.

మా ఇంట్లో మేమిద్దరమే. అమ్మ పీణ్యలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. నెలనెలా ఆమె జీతంలోంచి కొంత ప్రభుత్వ ఆరోగ్య బీమాకు వెళ్తుంది. ప్రాణం మీదికొస్తే దగ్గర్లోని ఏ ఆసుపత్రిలోనైనా చేరి, ఖర్చు తరువాత అడగవచ్చని నిబంధన. నేను అడిగింది అదే. బిల్లుకు నా దగ్గరున్నదంతా సరిపోయింది, కాబట్టి బిల్లు మీద నాకు కోపమే తప్ప భయం లేదు. భయం ఇంకో చోట ఉంది. ఆరు వారాల్లోగా పిత్తాశయం తీసెయ్యాలని డాక్టరు డిశ్చార్జి కాగితంలో రాశారు. తీయకపోతే ఇంకో రాయి జారవచ్చు, ఈసారి ఇంత తేలిగ్గా పోకపోవచ్చు. ఆ ఆపరేషన్ బీమా ఆసుపత్రిలో చేయించాలంటే బీమా డిస్పెన్సరీ నుంచి రెఫరల్ చీటీ కావాలి. డిస్పెన్సరీ డాక్టరు కంప్యూటర్లో ఫైలు తెరిచి, "మీ కేసు మీద అభ్యంతరం కనిపిస్తోంది. అది తేలేవరకు నేను రాయలేను" అన్నారు. అప్పటికే రెండు వారాలు అయిపోయాయి.

నేను డిప్లొమా మెకానికల్ చదివాను. పీణ్యలోనే, కొలత పరికరాలను సరిచూసి సర్టిఫికెట్ ఇచ్చే ఒక ల్యాబ్‌లో పని. మైక్రోమీటర్, వెర్నియర్, డయల్ గేజ్, అన్నీ నా బల్ల మీదికి వస్తాయి. ప్రతి పరికరం ఎంతో కొంత తప్పు చూపిస్తుంది. ఎంత తప్పో కనిపెట్టి కాగితం మీద రాయడమే నా ఉద్యోగం. అందువల్ల ఆ మూడో వాక్యం చదవగానే నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే: ఫ్యాక్టరీలో హాజరు వేసే పంచింగ్ మిషన్ తప్పు చూపించింది.

మూడు రోజుల్లో ఏడు పేజీల అప్పీలు రాశాను. మిషన్ గడియారం ముందుకో వెనక్కో ఎలా జరుగుతుంది, ఒక నంబరు పడాల్సిన చోట ఇంకో నంబరు ఎలా పడవచ్చు, దాన్ని ఎంత కాలానికి ఒకసారి సరిచూడాలి, అన్నీ పెట్టాను. జతపత్రాలు పదకొండు, ప్రతిదానికీ పైన కుడిమూల నంబరు. ల్యాబ్ నుంచి వచ్చి చేతులు కడుక్కోగానే వాటిని మళ్లీ తీసి సర్దేవాణ్ణి. కూర్చోలేకపోయేవాణ్ణి. నిలబడే చదివేవాణ్ణి.

అమ్మ నూనె లేని కూరతో అన్నం కలుపుకుంటూ చూసేది.

"ఆ కాగితాలు ఎన్ని తూర్లు సర్దుతావప్పా? అవేమన్నా చీటీ పేకలా?"

"వరస తప్పితే చదివేవాళ్లు తికమక పడతారమ్మా."

"చదువుతారా?"

"చదవాలి కదా."

"ఏమో. ఆ మిషన్ మాటలన్నీ ఎందుకు రాసినావు? మిషన్ బాగానే ఉండాది."

అప్పుడే నేను ఆగి అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఆమెకు మిషన్ల గురించి ఏం తెలుసునని అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా ఆమె కాలి కింద తిరుగుతున్నది మిషనే అన్న సంగతి నాకు తట్టలేదు.

మిషన్ లోపానికి రుజువు కోసం ఫ్యాక్టరీ హెచ్‌ఆర్ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అధికారి కన్నడ మనిషి, నాతో సగం తెలుగులో మాట్లాడాడు.

"ఏను, మా మిషన్ తప్పంటారా? కూర్చోండి. చూపిస్తాను."

ఆ రోజు రికార్డు తెరమీద తెరిచి నావైపు తిప్పాడు. పొద్దున ఎనిమిదీ ఇరవైరెండు దగ్గర అమ్మ నంబరు ఉంది. దాని పైన రెండు నంబర్లు, కింద రెండు నంబర్లు. నా కళ్లు అలవాటుకొద్దీ సెకన్ల గడిలోకి వెళ్లాయి. నాలుగు, ఆరు, తొమ్మిది, పదకొండు, పద్నాలుగు. పది సెకన్లలో ఐదు కార్డులు. ఐదుగురు మనుషులు ఒకరి వెనక ఒకరు వచ్చి, కార్డు చూపించి, పక్కకు జరగడానికి ఆ సమయం చాలదు. ఒకే చెయ్యి, చేతిలో ఐదు కార్డులు. మిషన్ ఎంతో బుద్ధిగా పనిచేసింది.

నేను చూశానని అతను చూశాడు.

"అర్థమైంది కదా? మీ తాయి ఆ రోజు రాలేదని నాకూ తెలుసు. నిన్నటి నుంచి ఆస్పత్రిలో ఉన్నారు, లీవ్ కావాలని మరుసటి రోజు ఫోన్ వచ్చింది. కానీ ఈ హాజరు నేను తీసెయ్యాలంటే ఎవరు కొట్టారో నాకు రాతలో కావాలి. పేరు రాసివ్వండి, నేను లెటర్ ఇస్తాను. పేరు లేకుండా తీసేస్తే ఆడిట్లో నన్ను అడుగుతారు."

"పేరు రాస్తే ఆమెను ఏం చేస్తారు?"

"ఆమె అంటున్నారే. ఆమె అని నేను చెప్పానా?" నవ్వాడు. "ఏం చేస్తారు... బయటికి పంపుతారు. ఇంకొకరి కార్డు కొట్టడం అంటే అంతే, సార్."

ఇంటికొచ్చి ఏడు పేజీలనూ బల్లమీద బోర్లించి, అమ్మ ముందు కూర్చున్నాను. ఆమె దాచలేదు. నేను అడగలేదు కాబట్టే ఇన్నాళ్లూ చెప్పలేదంది.

యలహంక నుంచి, ఆ చుట్టుపక్కల నుంచి ఆమె కుట్టే లైన్‌కు వచ్చేవాళ్లు ఆమెతో కలిపి నలుగురు. గొరగుంటెపాళ్య సిగ్నల్ దగ్గర బస్సు నిలబడితే నిలబడిందే. ఎనిమిదిన్నరకు ఐదు నిమిషాలు ఆలస్యమైతే అరపూట కోత. ఐదో ఆమె ఫ్యాక్టరీ వెనక వీధిలోనే ఉంటుంది. మా అమ్మది కదిరి వైపు, ఆమెది మదనపల్లి వైపు. ఒకే ఏడు ఈ ఊరికి వచ్చారు, నేను ఆమెను పిన్ని అనే పిలుస్తాను. సాయంత్రం పోయేటప్పుడు నలుగురూ కార్డులు పిన్ని చేతిలో పెట్టి పోతారు. పొద్దున ఆమె తనదానితో కలిపి ఐదూ కొడుతుంది. మిగతావాళ్లు ఎనిమిదీ నలభైకి పరిగెత్తుకుంటూ వస్తారు. గేటు దగ్గరి మనిషి చూసీ చూడనట్టు ఉంటాడు. ఏళ్లుగా ఇదే పద్ధతి.

ఆ రోజూ ఐదు కొట్టింది. ముగ్గురు వచ్చారు. అమ్మ రాలేదు.

"మరి సాయంత్రం ఎందుకు కొట్టింది?"

"పొద్దున పంచ్ పడి సాయంత్రం పడకుంటే మిస్ పంచ్ అంటారు. అది పడితే లైన్ మొత్తాన్నీ పిలిచి అడుగుతారు. భయపడి కొట్టేసింది. నేను ఆస్పత్రిలో ఉండానని దానికి అప్పటికి ఇంకా తెలీదు. బస్సు తప్పిందేమో అనుకునిందంట."

"అమ్మా, ఆమె పేరు రాస్తే పని అయిపోతుంది."

"రాయొద్దు."

"నీ కడుపులో ఇంకా రాళ్లున్నాయి."

"ఉండనీ. నా రాళ్లు నావి. దాని పేరు ఆ కాగితంలో పడకూడదు. దాని మొగుడు మంచంలో ఉండాడు, అది పనికి పోతేనే ఆ ఇంట్లో పొయ్యి." అని లేచి, నా ముందున్న ఏడు పేజీలను తీసి, "ఇవి వెనకపక్క తెల్లగా ఉండాయి కదా, సరుకుల చీటీకి పెట్టుకుంటా" అంది.

ఆ తరువాతి రోజుల్లో నేను ఏ పనీ చివరిదాకా చేయలేదు. బండి తాళం వేశానా అని రెండుసార్లు వెనక్కి వెళ్లి చూసేవాణ్ణి. మా ల్యాబ్‌లో గది ఉష్ణోగ్రత రెండు గంటలకోసారి చూసి పుస్తకంలో రాయాలి. భోజనం తరువాత రాయాల్సింది భోజనానికి వెళ్లే ముందే రాసేసి పోతాం, అందరం. ఆ వారం ఆ గడి నింపేటప్పుడు నా పెన్ను ఒక్క క్షణం ఆగింది. తరువాత రాసేశాను.

ఆదివారం పిన్ని వచ్చింది. నూనె లేకుండా ఉడికించిన అలసందలు స్టీలు డబ్బాలో తెచ్చింది. అమ్మను చూడగానే మొదలుపెట్టింది.

"ఏమే, ఇంత చిక్కిపోయినావు? నీ రవికలో ఇప్పుడు ఇద్దరు పడతారు."

"రెండోదానివి నువ్వు రా."

"ఆపరేషన్ ఎప్పుడంట?"

"డాక్టరమ్మ లీవులో ఉండాది. వచ్చినాక చెప్తారంట."

అబద్ధం అంత తేలిగ్గా ఆమె నోట్లోంచి రావడం నేను ఎప్పుడూ వినలేదు. నా ఫైలు బల్లమీదే ఉంది, పిన్ని మోచెయ్యి దానిమీదే ఉంది. "ఏమప్పా, నువ్వన్నా అడగచ్చు కదా, ఇంకో డాక్టరు లేరా?" అని పిన్ని నన్నడిగింది. అమ్మ నావైపు చూసింది. ట్యాంకు నిండిందేమో చూసి వస్తానని మిద్దె మీదికి పోయాను. ట్యాంకు నిండి పొర్లుతోంది. అయినా అక్కడే నిలబడ్డాను.

రెండు రోజుల తరువాత అమ్మకు మళ్లీ నొప్పి వచ్చింది. పెద్దది కాదు. అరగంట గోడకు ఆనుకుని కూర్చుని, పోయింది అంది. ఆ అరగంట నేను గడియారం చూస్తూనే ఉన్నాను. మరునాడు ల్యాబ్ ప్రింటర్ మీద రెండు అప్పీళ్లు తీశాను. ఒకదాంట్లో పేరు లేదు. రెండోదాంట్లో ఉంది. పేరు, ఇంటి వీధి, కార్డులు ఎప్పటినుంచి ఎలా చేతులు మారుతున్నాయో, అంతా వరసగా. దాన్ని వేరే కవరులో పెట్టి అంటించాను. కవరు మీద ఏమీ రాయలేదు.

పేరు లేని అప్పీలు బలహీనంగా ఉంది. ఆసుపత్రి కాగితాలు ఒకవైపు, హాజరు రికార్డు ఇంకోవైపు, రెండూ సంతకాలున్నవే. అమ్మకు చదివి వినిపించాను. ఆమె అంతా విని, లోపలికి పోయి, ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో ఆమె జీతం చీటీలు.

"దీని వెనక చూడు."

జీతం చీటీ వెనక తేదీలవారీగా ఎన్ని కాలర్లు కుట్టిందో అచ్చై ఉంటుంది. ఇన్సెంటివ్ లెక్క కోసం. ఆసుపత్రిలో ఉన్న తరువాతి ఐదు రోజులకూ సెలవు అని ఉంది. మొదటి రోజుకు మాత్రం సున్నా.

"కార్డు ఎవరన్నా కొట్టచ్చప్పా. కాలర్ నేను కుట్టాల్సిందే" అంది.

పదకొండు జతపత్రాల్లో నేను పెట్టనిది అదే. పన్నెండో నంబరు వేసి, అన్నింటికన్నా పైన పెట్టాను. మర్నాడే ఆ అప్పీలు ఇచ్చేశాను. అంటించిన కవరు నా సంచిలోనే ఉండిపోయింది.

విచారణకు పిలుపు వచ్చేసరికి డాక్టరు చెప్పిన గడువులో ఎనిమిది రోజులు మిగిలాయి. బీమా కార్యాలయంలో మూడో అంతస్తు. అధికారి యాభై దాటిన ఆడమనిషి. ఫైలు తిరగేస్తూ కన్నడంలో మొదలుపెట్టి, అమ్మ జవాబు వినగానే తెలుగులోకి వచ్చేసింది. కోలారు వైపు తెలుగు, మాదానికి చుట్టం.

"ఏమ్మా, ఒకే రోజు రెండు తావుల్లో ఎట్ల ఉండినావు?"

"నేను ఆస్పత్రిలో ఉంటి మేడమ్. నా కార్డు ఫ్యాక్టరీలో ఉండె."

"కార్డుకు కాళ్లొచ్చినాయా?"

"లేదు మేడమ్. ఇంకొకరి కాళ్ల మీద పోయింది."

"ఎవరివి?"

"తెలుసు మేడమ్. చెప్పను."

నేను రాసిచ్చిన మాట అది కాదు. 'ఎవరన్నది తెలియరాలేదు' అని మూడో పేజీలో నేను రాశాను, ఇంట్లో రెండుసార్లు ఆమెతో చెప్పించాను కూడా. అధికారి కళ్లద్దాలు తీసి అమ్మను చూసింది, తరువాత నన్ను, తరువాత పన్నెండో జతపత్రాన్ని.

"సున్నా అని ఉండాది, సరే. కుట్టకుండా ఊరికే కూర్చుని ఉండొచ్చు కదా?"

"మా సూపర్‌వైజర్ కాడ పది నిమిషాలు ఊరికే కూర్చుని చూడండి మేడమ్, మీకే తెలుస్తాది."

పక్క బల్ల గుమాస్తా దగ్గినట్టు నవ్వాడు. అధికారి నవ్వలేదు. ఫైలు మూసి, దాని మీద చెయ్యి పెట్టింది.

"చూడమ్మా. నువ్వు ఆస్పత్రిలో ఉండినావని నాకు నమ్మకమే. కానీ ఫ్యాక్టరీ రికార్డు తప్పని నేను రాయాలంటే ఎందుకు తప్పో రాయాల. పేరు చెప్తే ఇప్పుడే రాసి సంతకం పెడతా. లేదంటే ఫ్యాక్టరీకి రాయాల, వాళ్లు జవాబివ్వాల. నెల కావచ్చు, మూడు నెలలు కావచ్చు."

సంచి నా ఒళ్లో ఉంది. నా చెయ్యి లోపలికి పోయింది. కవరు అంచు వేళ్లకు తగిలింది. ఎనిమిది రోజులు, మూడు నెలలు. ఈ రెండు అంకెలు తప్ప నాకు ఇంకేమీ కనిపించలేదు. కవరును సగం పైకి లాగాను కూడా.

అమ్మ నావైపు చూడలేదు. అధికారినే చూస్తూ, సంచిని నా ఒళ్లోంచి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని, జిప్పు వేసింది.

"రాయండి మేడమ్ ఫ్యాక్టరీకి. కార్డు ఇంకొకరి చేతిలో పెట్టి పోయింది నేను. అది తప్పే. నా పేరు రాసుకోండి. ఇంకో పేరు నా నోట్లోంచి రాదు."

అధికారి ఫైలు మళ్లీ తెరిచి డిశ్చార్జి కాగితం తీసింది. ఆరు వారాలన్న చోట వేలు పెట్టి, తేదీ చూసి, గోడమీది క్యాలెండరు చూసింది.

"దీని మీద రెఫరల్ ఎందుకు ఆపినారు?" అని గుమాస్తాను అడిగింది. అభ్యంతరం ఉంటే ఆగిపోతుంది మేడమ్ అన్నాడతను.

"క్లెయిమ్ మీద అభ్యంతరం. ఈమె కడుపులో రాయి ఉండాదా లేదా అనేది అటెండెన్సు మిషన్ని అడగాల్నా?" అని, నోట్ షీటు మీద రాయడం మొదలుపెట్టింది. రెండు పేరాలు. మొదటిది: ఫ్యాక్టరీ నుంచి వివరణ వచ్చేవరకు క్లెయిమ్ పెండింగ్. రెండోది: శస్త్రచికిత్స రెఫరల్‌కు ఈ అభ్యంతరం అడ్డు కాదు. రెండో పేరా కింద సంతకం పెట్టేవరకు నేను ఆమె పెన్ను కొసనే చూస్తూ ఉన్నాను.

బయట మెట్ల మీద అమ్మ ఆగింది. నొప్పి అనుకున్నాను. సంచి నాకిచ్చి, "ఆ రెండో కవరులో ఏముండె?" అంది.

"తెల్ల కాగితాలు."

"నువ్వు తెల్ల కాగితాలు మోసేవాడివి కాదే" అని దిగిపోయింది.

ఆపరేషన్ గడువుకు ఒక రోజు ముందు జరిగింది. తీసిన రాళ్లను ఒక చిన్న సీసాలో వేసి ఇచ్చారు, గోధుమ రంగువి, శనగ గింజలంత. నేను లెక్కపెట్టాను: ఏడు. మూడో రోజు సాయంత్రం పిన్ని వచ్చింది. సీసాను వెలుగుకు ఎత్తి పట్టి చూసింది.

"వీటికీ ఇన్సెంటివ్ ఇస్తారేమో అడగవే."

"నవ్వించద్దు, కుట్లు లాగుతాండాయి."

పిన్ని సీసా కింద పెట్టింది. కాసేపు దుప్పటి అంచు సర్దింది. ఫ్యాక్టరీకి ఉత్తరం వచ్చిందని, లైన్‌లో ఐదుగురి కార్డుల గురించి అందరినీ విడివిడిగా పిలిచి అడిగారని, ముగ్గురూ గుర్తులేదన్నారని చెప్పింది. కార్డుల మిషన్ తీసేసి ముఖం చూసే మిషన్ పెడుతున్నారట. ఇకమీదట బస్సువాళ్లంతా ముందు బస్సుకే రావాలి. తనను మాత్రం రేపు పిలిచారట.

"ఏం చెప్తావు?" అంది అమ్మ.

"ఏమో. పొద్దునకు ఏది నోటికొస్తే అది." తరువాత నావైపు తిరిగింది. "మీయమ్మ చెప్పింది, నీకు ముందే తెలుసంట కదప్పా. ఆ ఆదివారం నేనొచ్చినప్పుడే తెలుసు. నన్ను అడిగుంటే నేనే రాసిచ్చేదాన్ని కదా."

పేరు రాయడం, రాయకపోవడం. నెలరోజులు ఈ రెండింటి మధ్యే తిరిగాను. ఆమెనే అడగడం అన్నది నా కాగితాల్లో ఎక్కడా లేదు.

"రాసిస్తావని తెలిసే అడగలేదు" అంది అమ్మ, కళ్లు మూసుకునే.

పిన్ని అమ్మ పక్కన మంచం మీద కొంచెం చోటు చేసుకుని కూర్చుంది. ఆమె లేచేసరికి సందర్శకుల సమయం అయిపోయి చాలాసేపైంది. నర్సు రెండుసార్లు వచ్చి చూసి పోయింది.

మర్నాడు ఆమె ఏం చెప్పిందో నాకు ఈరోజుకీ తెలియదు. పనిలో అయితే ఉంది. క్లెయిమ్ ఇంకా పెండింగే, ఫ్యాక్టరీ వివరణ రాలేదు. ప్రతి సోమవారం పదకొండింటికి ఫోన్ చేస్తాను. అమ్మ ఇప్పుడు నలభై నిమిషాలు ముందు బస్సుకు వెళ్తుంది. అంత ముందు వెళ్లి ఏం చేస్తావంటే, పిన్ని ఇంట్లో కాఫీ తాగుతా అంటుంది. కవరు మాత్రం నా ఫైళ్ల మధ్యే ఉంది. చించుదామని రెండుసార్లు తీశాను. రెండుసార్లూ, అంటించినదాన్ని అలాగే వెనక్కి పెట్టేశాను.